ట్రయల్ తేదీ ముందా, మోకాలు ముందా? ఒక ఇరాన్ ఫుట్‌బాల్ ప్లేయర్ కేసు

నేను గల్ఫ్‌లో ఒక స్పోర్ట్స్ క్లినిక్‌లో ఫిజియోథెరపిస్ట్‌ని. ఇది ఇరాన్ మహిళల లీగ్‌లో ఆడే ఒక మిడ్‌ఫీల్డర్ కేసు. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, క్లబ్, వయసు, సీజన్ తీసేశాను, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. వైద్యపరంగా చూస్తే ఇందులో అరుదైనదేమీ లేదు. ఏసీఎల్ (మోకాలు జారకుండా లోపల పట్టి ఉంచే లిగమెంట్) తెగింది, ఆపరేషన్ అయింది, తొందరపడి ఆటలోకి దిగింది, మోకాలు మళ్లీ వాచింది. మన కబడ్డీ అమ్మాయిలతో పనిచేసిన ఫిజియోలకు ఇది కంఠతా వచ్చిన కథే. అయినా రాస్తున్నానంటే కారణం, ఆమె నొప్పిని దాచిపెట్టింది. ఎందుకు దాచిందో అర్థమయ్యేదాకా ఆ మోకాలికి ఏ ప్లానూ పనిచెయ్యలేదు.

నేపథ్యం

ఇరాన్‌లో అమ్మాయిలు ఎక్కువగా ఫుట్‌సల్‌తోనే (హాల్లో, జట్టుకి ఐదుగురు ఆడే చిన్న ఫుట్‌బాల్) మొదలుపెడతారు. 1979 విప్లవం తర్వాత ఆడవాళ్ల ఫుట్‌బాల్ ఆగిపోయింది. తిరిగి మొదలైనప్పుడు పైకప్పు కింద, మగవాళ్లు లేని హాల్లో ఆడే ఫుట్‌సల్‌కే ముందు దారి దొరికింది. జాతీయ ఫుట్‌బాల్ జట్టు మళ్లీ బయట కనిపించింది 2005లో, జోర్డాన్‌లోని అమ్మాన్‌లో జరిగిన పశ్చిమాసియా టోర్నీలో. మహిళల లీగ్ 2007లో వచ్చింది. ఫుట్‌సల్‌లో మాత్రం వాళ్లు ఆసియాలోని మేటి జట్లలో ఒకరు: 2015లో, 2018లో ఆసియా టైటిల్ వాళ్లదే, రెండు ఫైనల్స్‌లోనూ ఓడింది జపానే.

ఈ ప్లేయర్ కూడా బడి హాల్లో ఫుట్‌సల్ ఆడుతూ పెరిగింది. పొట్టి అడుగులు, అరికాలితో బంతిని తొక్కి ఆపడం, ఒంటికాలి మీద గిరుక్కున తిరగడం ఆమెకు అలవాటు. పెద్ద మైదానానికి వచ్చాక కూడా ఆ తిరుగుడే ఆమె బలం. ఏసీఎల్ తెగింది కూడా అలా తిరిగినప్పుడే. లీగ్ మ్యాచ్‌లో, కృత్రిమ గడ్డి మీద, ఎవరూ తగలకుండానే. ఏసీఎల్ తెగే ముప్పు ఆడ ప్లేయర్లకు మగ ప్లేయర్ల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ, అదీ చాలాసార్లు ఇలా ఎదుటివాళ్ల ప్రమేయం లేకుండానే జరుగుతుంది.

టెహ్రాన్‌లో ఆపరేషన్ చేశారు. తొడ వెనక కండరం నుంచి స్నాయువు (టెండన్) తీసి లిగమెంట్ స్థానంలో వేశారు. ఆరో నెలకల్లా ఆమె క్లబ్ ట్రైనింగ్‌లో ఉంది. ఆ తర్వాత కొద్ది వారాలకే మ్యాచ్‌లు.

ఆరో నెలలో ఎందుకు దిగిందన్నది అర్థం కావాలంటే అక్కడి లీగ్ గురించి ఒక సంగతి తెలియాలి. ఇరాన్‌లో ఆడవాళ్ల మ్యాచ్‌లు మామూలుగా టీవీలో రావు, మగవాళ్లు స్టేడియంలోకి రారు. ఒక ప్లేయర్ సీజనంతా అద్భుతంగా ఆడినా, బయటి కోచ్‌కి చూపించడానికి ఆమె చేతిలో వీడియో ఉండదు. అంతర్జాతీయ టోర్నీలే కిటికీలు. 2022 జనవరిలో ఆసియా కప్‌కి ఇరాన్ అమ్మాయిలు మొదటిసారి క్వాలిఫై అయి మన దేశానికి వచ్చారు. జనవరి 20న నవీ ముంబైలో భారత్‌తో 0-0 డ్రా చేసుకున్నారు. తర్వాత చైనా చేతిలో 7-0, చైనీస్ తైపీ చేతిలో 5-0 తేడాతో ఓడారు. స్కోర్లు ఎలా ఉన్నా ఆ మ్యాచ్‌లు ప్రపంచం చూడగలిగింది. నా పేషెంట్ ఆ జట్టులో లేదు. ఆమె ఆటను దేశం బయట చూసినవాళ్లే లేరు.

అవకాశాలు చేజారడం కూడా అక్కడి ప్లేయర్లు దగ్గర నుంచి చూసినదే. 2011 జూన్‌లో ఒలింపిక్ క్వాలిఫయర్ కోసం అమ్మాన్ వెళ్లిన జట్టును తలగుడ్డ కారణంగా ఫిఫా ఆడనివ్వలేదు. ఆ నిషేధం పూర్తిగా పోయింది 2014లో. 2015లో జాతీయ ఫుట్‌సల్ కెప్టెన్ నీలూఫర్ అర్దలాన్ మలేషియాలో ఆసియా టోర్నీకి వెళ్లలేకపోయింది. పెళ్లయిన స్త్రీ పాస్‌పోర్ట్‌కి భర్త అనుమతి ఉండాలన్నది అక్కడి చట్టం, ఆయన ఇవ్వలేదు. నా పేషెంట్ కూడా వివాహితే. ఆమె భర్త అడ్డు చెప్పే మనిషి కాదు, కాగితం మీద సంతకం ఎప్పుడో చేశాడు. అయినా ‘ఈసారి కాకపోతే ఇంకోసారి’ అనే మాట ఆమెకు నమ్మకం కలిగించేది కాదు.

క్లినిక్‌కి వచ్చినప్పుడు

ఆపరేషన్ అయి అప్పటికి పది నెలలు. గల్ఫ్‌లో స్థిరపడిన అక్క ఇంటికి వచ్చి, అక్కతో పాటే క్లినిక్‌కి వచ్చింది. టర్కీలో ఒక క్లబ్ ట్రయల్‌కి (ఆట చూసి జట్టులోకి తీసుకునే పరీక్షకి) పిలిచింది, ఇంకా ఆరు వారాలుంది, ‘కొంచెం ఫిట్‌నెస్ పెంచాలి, అంతే’ అన్నారు. నొప్పి లేదు. వాపు అప్పుడప్పుడు. అక్క అనువాదం చేసింది.

పరీక్షలో కనిపించింది వేరు. మోకాలి చిప్ప పక్కన చేత్తో తోస్తే నీరు అటూ ఇటూ కదులుతోంది. తొడ ముందు కండరం ఆపరేషన్ అయిన వైపు సన్నబడింది. కూర్చుని లేస్తే బరువంతా రెండో కాలి మీదకి ఒరిగిపోతోంది, ఆమెకే తెలియకుండా. ఆర్థోపెడిక్ సర్జన్ చూశారు, స్కాన్ కూడా అయింది. వేసిన లిగమెంట్ చెక్కుచెదరలేదు, మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే నెలవంక ఆకారపు మృదులాస్థి బాగానే ఉంది. అంటే తెగినదేదీ లేదు, మోకాలు మోయగలిగిన దానికన్నా ఎక్కువ మోస్తోంది.

ఇక్కడ మొదటి నిర్ణయం. నోటి మాటా ఒంటి తీరూ పొంతన లేకుండా ఉన్నప్పుడు ఇంకో స్కాన్ రాయడం తేలిక. నాకు మాత్రం కుటుంబం లేకుండా ఒకసారి మాట్లాడాలనిపించింది. అక్క మీద అనుమానంతో కాదు. ఇంట్లోవాళ్లు అనువదిస్తే మాటలు వాళ్లకి తెలియకుండానే మెత్తబడతాయి. తెలుగు తల్లిదండ్రుల పక్కన కూర్చున్న టీనేజ్ పిల్లల దగ్గర కూడా ఇదే చూశాను. ఫార్సీ తెలిసిన నర్సు ఒకావిడ మా దగ్గర ఉన్నారు. తర్వాతి సెషన్‌కి ఆవిడని కూర్చోబెట్టాను.

అప్పుడు అసలు సంగతి బయటపడింది. ట్రైనింగ్‌లో మోకాలు రెండుసార్లు చేతులెత్తేసింది. మ్యాచ్‌కి ముందు ప్రతిసారీ నొప్పి మాత్ర వేసుకుంటోంది. క్లబ్‌లో ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఒప్పందం ఒక్క సీజన్‌కే. టర్కీ క్లబ్ పరిచయం సంపాదించింది అక్కే, ఆ శ్రమ వృథా అవుతుందని అక్కకీ చెప్పలేదు. “ఖానూమ్ దోక్తర్ (డాక్టరమ్మా), అక్కడ నాకు ఇచ్చేది ఒక్క మధ్యాహ్నం” అంది. ఆ మాట విన్నాక కేసు నాకు వేరేగా కనిపించింది. సీజనంతా ఆడింది లెక్కలోకి రాదు, ఒక్క మధ్యాహ్నమే లెక్క. అలాంటప్పుడు నొప్పి దాచడం ఆమె వైపు నుంచి చూస్తే పూర్తిగా తెలివైన పనే.

చేసినవి, నిలవనివి

‘ట్రయల్‌కి వెళ్లొద్దు’ అని ఆ రోజే చెప్పవచ్చు. చెబితే ఆమె సరేనని వెళ్లిపోయి, ఇంకో మాత్ర వేసుకుని ట్రయల్‌కి వెళుతుంది, నా దగ్గరికి మళ్లీ రాదు. అందుకని తేదీ జోలికి పోకుండా, తేదీకి ముందు పాస్ కావలసినవేమిటో ఇద్దరం కలిసి ముందే రాసుకున్నాం. వాపు లేకపోవడం ఒకటి. రెండు కాళ్ల బలంలో తేడా పది శాతం లోపు ఉండటం రెండోది. ఒక్కో కాలి బలం ఆమె శరీర బరువుతో పోల్చి చూసినా సరిపోవడం మూడోది. ఈ మూడోది ఎందుకని అడిగింది. చెప్పాను, అప్పుడు ఆమెకు పెద్దగా పట్టినట్టు లేదు.

మొదటి రెండు వారాలు పరుగు బంద్. సైకిల్, కండరానికి కరెంట్ ప్రేరణ, తొడకి బెల్టు బిగించి రక్తప్రవాహం తగ్గించి తక్కువ బరువుతో చేసే వ్యాయామం. ఎందుకంటే కీలులో నీరుంటే తొడ ముందు కండరానికి మెదడు నుంచి పూర్తి ఆజ్ఞ అందదు. ఎంత బరువెత్తినా కండరం లేవదు, పైగా ఆ బరువుకే మోకాలు ఇంకా వాస్తుంది. ముందు నీరు తగ్గాలి. నొప్పి మాత్ర మాన్పించాం, లేకపోతే ఏ వ్యాయామం ఎక్కువైందో మోకాలు మాకు చెప్పలేదు. వాపు తగ్గింది.

తర్వాత టెస్టులు. ఒంటికాలితో ముందుకి దూకే పరీక్షలో రెండు కాళ్లూ దాదాపు సమానం. ఆమె మొహం వెలిగిపోయింది. ఈ పరీక్షలోనే చాలామంది ప్లేయర్లూ, నిజానికి చాలామంది ఫిజియోలూ బోల్తా పడతారు. ముందుకి దూకడంలో నెట్టే పని ఎక్కువగా తుంటి, చీలమండ చేస్తాయి, మోకాలు కొంచెమే చేస్తుంది. అదే కాలితో నిట్టనిలువుగా ఎగరమంటే లోపం కనిపించింది. మెషీన్ మీద బలం కొలిస్తే ఇంకో సంగతి తేలింది. రెండు కాళ్ల తేడా పది శాతం దగ్గరే, కానీ రెండూ బలహీనమే. పది నెలలుగా మంచి కాలికీ సరైన వ్యాయామం లేదు. పక్కవాడు కూడా ఫెయిలయ్యాడని మన మార్కులు పెరిగినట్టు లెక్కేసుకుంటున్నాం. మూడో షరతు పెట్టింది ఇందుకే.

ట్రయల్‌కి ఇంకా రెండు వారాలుంది. ఆమె ముందు మూడు దారులు పెట్టాను. దాచి వెళ్లడం, వెళ్లకుండా మౌనంగా ఉండటం, క్లబ్‌కి రాసి శీతాకాలపు బదిలీ విండోలో (క్లబ్‌లు కొత్త ప్లేయర్లని తీసుకునే గడువులో) ట్రయల్ అడగడం. ఎంచుకోవలసింది ఆమే, క్లబ్‌కి ఏం చెప్పాలన్నదీ ఆమె ఇష్టమే. నా అభిప్రాయం అడిగితే లెక్కలు చెప్పాను. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత మళ్లీ ఆటలోకి దిగిన పాతికేళ్ల లోపు క్రీడాకారుల్లో దాదాపు నలుగురిలో ఒకరికి రెండో గాయం అవుతోందని పరిశోధనలు చెబుతున్నాయి. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, తొమ్మిదో నెల దాకా ఆటను వాయిదా వేసిన ఒక్కో నెలకీ మళ్లీ గాయం అయ్యే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. ఆమెకి తొమ్మిది నెలలు దాటాయి నిజమే, కానీ ఆ నెలల్లో సగం కాలం మోకాలు కోలుకోలేదు, కొట్లాడింది. క్యాలెండర్‌ని చూసి మోసపోకూడదన్నాను.

ఆమె మూడో దారి ఎంచుకుంది. క్లబ్ మర్యాదగా జవాబిచ్చి, ఇంకొకరిని తీసుకుంది.

ఆ నష్టం నిజమైనది. దాన్ని తర్వాతి ఫలితాలతో కొట్టేసుకోవడం నాకు ఇష్టం లేదు. మళ్లీ అదే పరిస్థితి వస్తే అదే సలహా ఇస్తాను, కానీ ఖర్చు పేషెంట్‌దే అయినప్పుడు మన నిర్ణయం ‘సురక్షితం’ అని గర్వపడటానికేమీ లేదు.

వీసా అయిపోయి ఆమె ఇరాన్ వెళ్లిపోయింది. వీడియో కాల్స్‌తో రిహాబ్ కొనసాగించాలన్న ప్లాన్ త్వరగానే కుంటుపడింది. 2022 సెప్టెంబర్ నిరసనల తర్వాత అక్కడ వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ బ్లాక్ అయ్యాయి. అప్పట్లో వాళ్లు ఫిల్టర్‌షెకన్ అని పిలిచే వీపీఎన్ ఉంటేనే కాల్ కలిసేది, కలిసినా మోకాలు ఎటు ఒరుగుతోందో తెలిసేంత స్పష్టత ఉండేది కాదు. ఇంట్లో షార్ట్స్‌తో వ్యాయామం చేస్తూ తీసిన వీడియో ఫోన్‌లో ఉంచుకోవడమన్నా ఆమెకు టెన్షన్. మొహం రాకుండా నడుము కింద మాత్రమే తీసి పంపి వెంటనే చెరిపేసేది. నడుము పైభాగం కనిపించకపోతే దూకి దిగినప్పుడు ఒళ్లు ఎటు వాలుతోందో నాకు తెలియదు, ఆ గాయానికి అదే కీలకం.

ఈలోగా అక్కడి కోచ్ ఒకరు ‘ఫుట్‌బాల్‌కి ముందు కొన్నాళ్లు ఫుట్‌సల్ ఆడు, చిన్న కోర్టు కదా’ అన్నారట. వినడానికి సబబుగానే ఉంటుంది. పరిగెత్తే దూరం తగ్గుతుంది, నిజం. ఆగడం, తిరగడం మాత్రం నిమిషానికి ఎక్కువవుతాయి, అదీ గట్టి నేల మీద, బూటు పట్టేసే నేల మీద. ఈ మోకాలికి కష్టం దూరంతో కాదు, బ్రేకు వేయడంతో. రెండు సెషన్లకే వాపు తిరిగొచ్చింది.

పనిచేసింది

నేను లేకుండా, నెట్ లేకుండా నడిచే ప్లాన్ కావాలి. కాగితం మీదకి మారాం. నర్సు సాయంతో ఫార్సీలో ఒక షీట్ తయారుచేశాం. పొద్దున లేవగానే మోకాలి చుట్టూ టేపుతో కొలత, చేత్తో నీరు తోసి చూసుకునే పద్ధతి, రెండింటినీ బట్టి ఆ రోజు ఏం చేయాలో ఆమే నిర్ణయించుకునే నియమాలు. వాపు పెరిగితే ఒక మెట్టు కిందకి, రెండు రోజులు నిలకడగా ఉంటేనే మెట్టు పైకి. నేను పాసో ఫెయిలో చెప్పే స్థానం నుంచి తప్పుకున్నాక ఆమెకు నా దగ్గర దాచాల్సిన అవసరం లేకుండా పోయింది. అంకెలు నెలకోసారి పంపేది, చెడ్డ అంకెలతో సహా.

అక్కడి జిమ్‌లలో ఆడవాళ్లకి విడిగా వేళలుంటాయి, సాన్స్ అంటారు. వారానికి మూడు సాన్స్‌లు బలానికే పెట్టాం. కాలు చాపే మెషీన్, ఒంటికాలి లెగ్ ప్రెస్, రెండు కాళ్లకీ విడివిడిగా, బరువు భారీగా. ఖరీదైన కొలత మెషీన్ లేదు కాబట్టి ఒంటికాలితో ఎత్తగలిగిన గరిష్ఠ బరువునే కొలతగా తీసుకున్నాం. బలం పెరిగాకే పరుగు. అందులోనూ వేగం కన్నా ఆగడం ముందు నేర్పాం: మెల్లగా పరిగెత్తి ఐదడుగుల్లో ఆగడం, తర్వాత మూడడుగుల్లో, తర్వాత ఆగి తిరగడం, అన్నిటికన్నా చివర ఆమెకిష్టమైన ఒంటికాలి గిరికీ.

రక్తపరీక్షలో ఐరన్ నిల్వలు తక్కువని తేలింది. మాత్రలు డాక్టర్ రాశారు. నేను అడిగింది ఒక్కటే, భోజనం అవ్వగానే తాగే టీని గంట వెనక్కి జరపమని. టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. ఇరాన్ ఇంట్లో భోజనం తర్వాత చాయ్ వద్దనడం కన్నా ఏసీఎల్ రిహాబ్ సులువు అని ఆమె నవ్వింది. అలసట తగ్గడంలో ఐరన్ వాటా ఎంతో, టీ వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

మ్యాచ్‌లకి బెంచ్ మీద నుంచి, కొద్ది నిమిషాలతో తిరిగొచ్చింది. పొడుగు చేతుల జెర్సీ, టైట్స్, తల కప్పే తొడుగుతో వేసవిలో ఆడేవాళ్లు త్వరగా అలసిపోతారు, అలసిన కాలు సరిగా బ్రేకు వేయదు. అందుకని ఎండ ఎక్కువున్న రోజు నిమిషాలు ఇంకా తగ్గించాలని షీట్‌లోనే రాశాం. వార్మప్‌కి ఫిఫా 11+ అనే, గాయాలు తగ్గించే వ్యాయామాల వరస పెట్టుకుంది. ఇరవై నిమిషాల పని, బంతి తప్ప సామాను అక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చింది, నా ఉద్దేశంలో, వ్యాయామం కానిది. ఆమె మళ్లీ దాచే అవసరం రాకుండా చూడాలంటే ఒక్క మధ్యాహ్నం మీద ఆధారపడటం తగ్గాలి. మ్యాచ్ వీడియో లేదు, సరే. ఇంకేం చూపించగలం? ఆపరేషన్ నోట్, స్కాన్ రిపోర్ట్, నెలనెలా బలం అంకెలు, స్ప్రింట్ టైమింగ్‌లు, ఆడిన నిమిషాల పట్టిక, వాపు చార్ట్. అన్నీ ఒక ఫైల్‌గా ఇంగ్లిష్‌లో పెట్టాం, కాపీ ఆమె దగ్గరే. ఫైల్ చూసి వద్దనే క్లబ్‌లు ఉంటాయని ముందే మాట్లాడుకున్నాం. దాచి చేరితే ఆ క్లబ్ మొదటి వాపుకే పంపించేస్తుంది కదా అని ఆమే అంది.

తర్వాతి ఏడాది ఇంకో దేశపు క్లబ్ ట్రయల్‌కి ముందే వైద్య వివరాలు అడిగింది. ఫైల్ పంపింది. వాళ్ల ఫిజియో నాకు ఫోన్ చేసి, గాయం గురించి తక్కువా, పద్నాలుగో నెల అంకెలు పదో నెల కన్నా ఎందుకు అంత మెరుగో ఎక్కువా అడిగాడు. ట్రయల్ వారం రోజులు జరిగింది. ఒప్పందం ఒక సీజన్‌కి కుదిరింది.

పాఠాలు, మిగిలిన పని

ఇలాంటి కేసు నా దగ్గరికి వస్తే ఇప్పుడు మొదటి సెషన్‌లోనే అడిగే ప్రశ్నలు మారాయి. ఒప్పందం ఎన్నాళ్లకి, నీ ఆట ఎవరు చూస్తారు, ఈ అవకాశం పోతే తర్వాతిది ఎక్కడి నుంచి వస్తుంది, నొప్పుందని తెలిస్తే ఎవరు నష్టపోతారు. ఈ జవాబులు రాకముందు నొప్పి పదికి ఎంత అని అడిగితే వచ్చే అంకెని నేను నోట్స్‌లో రాస్తాను గానీ దాని మీద ప్లాన్ కట్టను. కుటుంబ సభ్యుల అనువాదం లేకుండా కనీసం ఒక సెషన్ పెట్టుకోవడం, రెండు కాళ్ల పోలికతో పాటు శరీర బరువుతో పోలిక చూడటం, ముందుకి దూకడంతో సరిపెట్టకుండా నిలువు ఎగురుడు కూడా కొలవడం, ఇవి ఏ ఆటకైనా వర్తిస్తాయి.

మోకాలు పూర్తిగా బాగయిందని రాయలేను. స్నాయువు తీసిన తొడ వెనక కండరం, కాలు బాగా మడిచినప్పుడు, రెండో వైపు కన్నా ఇప్పటికీ బలహీనంగానే ఉంది. ఈ రకం ఆపరేషన్ తర్వాత అది మామూలే, కొందరిలో ఎప్పటికీ పూర్తిగా రాదు. పడుకుని మడమ పిరుదుకి తెచ్చే పరీక్ష ఆరు వారాలకోసారి చేయమని కొత్త క్లబ్ ఫిజియోకి రాశాను. రెండో మోకాలిని కూడా అదే పట్టికలో పెట్టమన్నాను, ఎందుకంటే రెండో గాయం తరచూ అటువైపే వస్తుంది. టేపు కొలత మాత్రం ఆమే చూసుకుంటానంది.